బంకరు ముందు మూడు నిమిషాల పాఠం

ప్రశ్న: తొమ్మిదో తరగతికి రెండో ప్రపంచ యుద్ధం చెబుతున్నాను. చిన్న వీడియోలు చూపిస్తే పిల్లలు సరదాగా చూస్తున్నారు కానీ, మర్నాడు అడిగితే ఏమీ చెప్పలేకపోతున్నారు. ఏం చేయమంటారు?
– ఓ ఉపాధ్యాయిని, తుష్నాబాద్

జవాబు: అమ్మా, యూరప్ వీడియోలతో కాకుండా మీ అండమాన్ దీవులతోనే మొదలుపెట్టండి. 1942 మార్చి 23న జపాన్ సేన పోర్ట్‌బ్లెయిర్‌లో దిగింది. 1945 అక్టోబరు దాకా దీవులు దాని చేతిలోనే ఉన్నాయి. కార్బిన్స్ కోవ్ తీరాన ఆనాటి కాంక్రీటు బంకర్లు ఇప్పటికీ ఉన్నాయి. తుపాకీ పెట్టే సందు లోపలి నుంచి సముద్రం ఎలా కనిపిస్తుందో ఫోన్‌లో తీసి తరగతిలో చూపించండి.

వీడియో మూడు నిమిషాలు మించకూడదు. మొదటిసారి శబ్దం లేకుండా వేసి, ‘ఏం కనిపించింది? దీన్ని ఎవరు తీశారు? ఎవరికి చూపించడానికి?’ అని అడగండి. రెండోసారి శబ్దంతో వేయండి. ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

రెండు తేదీలు పక్కపక్కన పెట్టండి. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. సరిగ్గా నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో గూఢచారులన్న అనుమానంతో 44 మందిని జపాన్ సైనికులు కాల్చి చంపారు. ఒక్క వీడియోతో ఈ రెండూ అర్థం కావు, చర్చ కావాలి. కాల్పుల దృశ్యాలను నటించి చూపే వీడియోలు మాత్రం వద్దు. హంఫ్రీగంజ్ స్మారకం చూపితే చాలు.

చివరగా పిల్లలచేతే ఒక నిమిషం వీడియో చేయించండి. చెప్పే ప్రతి మాటకూ ఆధారం చూపాలన్నదే షరతు.