తెరచాప పడవను లెక్కగట్టి చూడాలి: ఒక గల్ఫ్ పనివాడి అనుభవ పాఠాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో ఎక్కువమందికి బిల్డింగు పనే రాసిపెట్టి ఉంటుంది. నాకు షార్జాలో పడవల షెడ్డులో ఫైబర్ పని దొరికింది. కోరుట్ల మనిషికి సముద్రమేమిటి అని అప్పట్లో అందరూ అడిగేవాళ్లు. ఏళ్ల తరబడి తెరచాప పడవల అడుగు గీకి, పగుళ్లు పూడ్చి, రంగు వేసి, వాటిని కొనేవాళ్లు వేసే లెక్కలు కూడా అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ నేర్చుకుంటున్న మన వైపు పిల్లలు ‘తాతా, ఏ పడవ మంచిది?’ అని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పే జవాబే ఇక్కడ రాస్తున్నాను.

1. పొడుగును నీళ్ల గీత దగ్గర కొలవండి.

పడవ ముక్కు నుంచి తోక దాకా ఉన్న పొడుగు చూడటానికి, లంగరు వేసే చోట అద్దె కట్టడానికి పనికొస్తుంది. వేగానికి లెక్కలోకి వచ్చేది నీళ్లను తాకుతున్న పొడుగు. కదిలే పడవ తన ముందు ఒక అలను లేపుతుంది. ఆ అల పొడుగు, పడవ నీళ్ల గీత పొడుగు సమానమయ్యే వేగం దగ్గర బరువైన పడవ చిక్కుకుపోతుంది, తాను లేపిన అలను తానే ఎక్కలేక. ఆ వేగం తెలియాలంటే నీళ్ల గీత పొడుగును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణించాలి. జవాబు నాట్లలో, అంటే సముద్రపు వేగం కొలతలో వస్తుంది. నీళ్ల గీత దగ్గర 12.5 అడుగులుండే లేజర్ అనే చిన్న పడవకు అది దాదాపు 4.7 నాట్లు, అంటే గంటకు 9 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. వర్గమూలం కాబట్టి వేగం రెట్టింపు కావాలంటే పొడుగు నాలుగింతలు కావాలి. లేజర్ లాంటి తేలిక పడవలు మంచి గాలిలో తమ అల మీదికెక్కి జారిపోతాయి, ఈ హద్దు దాటుతాయి. ఏ పడవ దాటగలదో, ఏది దాటలేదో తేల్చేది బరువు.

2. తెరచాపను బరువుతో కలిపి చూడండి.

బండికి ఎడ్లు కట్టే రైతు ఎడ్ల బలంతో పాటు బండి మీది బరువూ చూస్తాడు. పడవకూ అంతే. మంచినీళ్లలో 1000 కిలోల పడవ 1 ఘనపు మీటరు నీళ్లను పక్కకు నెడుతుంది. ఆ ఘనపు మీటర్లకు ఘనమూలం తీసి, దాన్ని వర్గం చేసి, తెరచాప చదరపు మీటర్లను దానితో భాగిస్తే ఒక అంకె వస్తుంది. పెద్దదైతే చురుకు, చిన్నదైతే నిదానం.

లేజరే తీసుకుందాం. బ్రూస్ కర్బీ గీసిన ఈ పడవ హల్ (ఒట్టి పడవ ఒళ్లు) బరువు 59 కిలోలు, పెద్ద తెరచాప 7.06 చదరపు మీటర్లు. హల్‌తో మాస్ట్ (తెరచాప స్తంభం), బూమ్ (తెరచాప అడుగు కర్ర), చుక్కాని అన్నీ కలిపి 80 కిలోలు అనుకోండి, నడిపేవాడు ఇంకో 80. మొత్తం 160 కిలోలు, అంటే 0.16 ఘనపు మీటర్లు. దాని ఘనమూలం 0.543, వర్గం 0.295. 7.06ను దానితో భాగిస్తే దాదాపు 24. పిల్లల పడవ ఆప్టిమిస్ట్ హల్ 35 కిలోలు, సామాను ఇంకో 10, అందులో 40 కిలోల పిల్ల. తెరచాప 3.3 చదరపు మీటర్లు. లెక్క వేస్తే 17. రెండింటికీ నడక తేడా ఎంతో నీళ్లలోకి దిగకముందే తెలిసిపోయింది.

3. చిన్న పడవలో నడిపే మనిషే సగం బరువు.

పై లెక్కలో సామానుతో సహా లేజర్ 80, మనిషి 80. అందుకే చిన్న పడవల అంకెను మనిషిని కలపకుండా చెప్పినవాడు ఏమీ చెప్పనట్టే. అదే లేజర్‌లో 60 కిలోల మనిషి కూర్చుంటే అంకె 26కు ఎక్కుతుంది, 95 కిలోల మనిషి అయితే 22.6కు దిగుతుంది. పలచటి గాలిలో తేలిక మనిషికి లాభం. గాలి ముదిరితే పడవను నిటారుగా పట్టి ఉంచడానికి ఆ 60 కిలోలు చాలవు.

అందుకే ఒకే హల్‌కు మూడు తెరచాపలు పెట్టారు: 7.06, 5.76, 4.7 చదరపు మీటర్లు. వీటినే ఇప్పుడు ఐఎల్‌సీఏ 7, 6, 4 అంటున్నారు. 50 కిలోల పిల్ల 4.7 తెరచాపతో కూర్చుంటే అంకె 18. ఆప్టిమిస్ట్‌లో 17తో అలవాటు పడ్డ పిల్లకు ఈ పడవ చేయి దాటిపోదు. తల్లిదండ్రులు పడవ మార్చే ముందు పిల్లను తూకం వేసి ఈ లెక్క చేయించుకోవాలి. వయసు చూసి పెద్ద తెరచాప కట్టకండి.

4. బరువైన పడవను చులకన చేయకండి.

సముద్రపు పడవలకు ఇంకో నిష్పత్తి ఉంది. బరువును 2240 పౌండ్ల టన్నుల్లో తీసుకుని, నీళ్ల గీత అడుగుల్లో నూరో వంతును ఘనం చేసి దానితో భాగిస్తారు. 100 లోపు వస్తే బాగా తేలిక, 200–300 మధ్యస్థం, 300 దాటితే బరువు.

2022లో మొదలైన గోల్డెన్ గ్లోబ్ రేసులో మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ ఒంటరిగా భూమి చుట్టి రెండో స్థానంలో నిలిచాడు. ఆయన పడవ రస్ట్‌లర్ 36. బరువు దాదాపు 7,600 కిలోలు, నీళ్ల గీత 27 అడుగులు. లెక్క 380 దాకా వస్తుంది. పట్టింది 236 రోజులు. ఆ రేసు మొదలైన ఫ్రాన్స్ రేవు లే సాబ్ల్ దొలోన్ నుంచే బయల్దేరే వాందే గ్లోబ్ రేసులో 60 అడుగుల ఇమోకా పడవలకు ఈ అంకె 40 దరిదాపుల్లోనే ఉంటుంది. 2025 జనవరిలో షార్లీ దాలాఁ అలాంటి దానిలో 64 రోజుల్లో చుట్టి వచ్చాడు. ఒకటి పాతకాలపు పొడుగు కీల్ (అడుగున దిగి ఉండే భాగం) ఉన్న పడవలకే పరిమితమైన రేసు, ఇంకొకటి కార్బన్ పడవల రేసు. ఏ పనికి ఏ పడవ అని అడగకుండా ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తప్పుడు తీర్పే వస్తుంది.

5. బోల్తా లెక్కకు హద్దు తెలుసుకోండి.

1979లో బ్రిటన్ దగ్గర ఫాస్ట్‌నెట్ రేసును తుపాను ముంచెత్తింది. బయల్దేరినవి 303 పడవలు, రేసులో ఉన్నవాళ్లలో 15 మంది చనిపోయారు. ఆ తర్వాత అమెరికాలో ఒక సులువైన పరీక్ష తయారైంది. పడవ బరువును పౌండ్లలో 64తో భాగించి, ఘనమూలం తీసి, పడవ వెడల్పు అడుగులను దానితో భాగించాలి. 2 కంటే తక్కువ వస్తే నడిసముద్రానికి నయం. 11 అడుగుల వెడల్పున్న రస్ట్‌లర్‌కు 1.7 వస్తుంది.

కానీ పడవను నిలబెట్టే సీసం ఎక్కడుందో ఈ లెక్కకు తెలియదు. అడుగున కీల్‌లో పోసిన సీసాన్ని తీసి మాస్ట్ కొనకు కట్టినా జవాబు అదే వస్తుంది. అందుకే దీనితో పాటు మొత్తం బరువులో కీల్ సీసం ఎన్నో వంతో, అది ఎంత లోతున ఉందో తప్పకుండా అడగాలి.

6. కంపెనీ కాగితంలోని బరువు ఖాళీ పడవది.

పడవను బెల్టులతో పైకెత్తినప్పుడు క్రేను తూకం చూపిస్తుంది. ఆ అంకె కాగితంలోని అంకె కంటే ఎక్కువగా ఉండటం షెడ్డులో మాకు మామూలే. నీళ్ల ట్యాంకు, డీజిల్, లంగరు గొలుసు, బ్యాటరీలు, సామాన్లు అన్నీ బరువే. తూకం లేని చోట నాచు గీత చూడండి. రంగు వేసిన నీళ్ల గీతకు నాలుగు వేళ్లు పైన ఆకుపచ్చ మరక ఉంటే పడవ అంత మేర దిగి నడిచిందని అర్థం. నీళ్ల గీత దగ్గర వైశాల్యం 18 చదరపు మీటర్లున్న పడవ సముద్రంలో ఒక సెంటీమీటరు దిగాలంటే దాదాపు 185 కిలోలు ఎక్కాలి. మరకను స్కేలుతో కొలవండి, అసలు బరువు బయటపడుతుంది. ఆ బరువుతోనే పై నిష్పత్తులన్నీ మళ్లీ వేయండి.

7. చదరపు మీటర్లకు గుడ్డ సంగతి తెలియదు.

ఈ మాట సిరిసిల్లవాళ్లకు అందరికంటే బాగా అర్థమవుతుంది. 1950ల నుంచి నూలు తెరచాపల స్థానంలోకి వచ్చిన డాక్రాన్ కూడా పాలిస్టరే, మన సాంచాల మీద నేసే దారం జాతిదే. అయితే తెరచాప గుడ్డకు పేకను బాగా దట్టంగా కొట్టి, వేడితో కుదించి, జిగురు పట్టిస్తారు. ఎందుకంటే గాలి గుడ్డను పడుగు వెంట, పేక వెంటనే కాక మూలగా కూడా లాగుతుంది. కొత్త గుడ్డను రెండు చేతులతో మూలగా లాగితే బిర్రుగా నిలబడుతుంది. ముసలి గుడ్డ సాగుతుంది, ముడత విడవదు. అలాంటి తెరచాప కొలతకు సరిగ్గానే ఉంటుంది, పొట్ట మాత్రం వెనక్కి జరిగిపోయి పడవను ముందుకు నడపడానికి బదులు పక్కకు ఒరగదోస్తుంది. లెక్కలో 24 వచ్చిన పడవ నీళ్ల మీద వెనకబడితే మొదట గుడ్డ పట్టి చూడండి.

8. వేర్వేరు పడవలు పోటీపడితే టైమును సరిచేయండి.

బ్రిటన్‌లో పుట్టిన పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ పద్ధతిలో ప్రతి జాతి పడవకూ ఒక నంబరు ఉంటుంది. పట్టిన టైమును 1000తో గుణించి ఆ నంబరుతో భాగిస్తారు. లేజర్ 1100 అనుకోండి, ఆప్టిమిస్ట్ 1640 అనుకోండి. లేజర్ 55 నిమిషాల్లో, ఆప్టిమిస్ట్ 80 నిమిషాల్లో వచ్చాయి. సరిచేస్తే లేజర్‌కు 50, ఆప్టిమిస్ట్‌కు 48.8. గెలిచింది ఆప్టిమిస్ట్. ఈ నంబర్లు పడవ నక్షా నుంచి పుట్టినవి కావు. క్లబ్బుల్లో జరిగిన అసలు రేసుల ఫలితాలను పోగుచేసి సవరిస్తూ వచ్చినవి. అందుకే పడవల నడకను పోల్చడానికి నేను మిగతా నిష్పత్తుల కంటే దీన్ని ఎక్కువ నమ్ముతాను.

9. పడవలు సమానమైతే మనిషి బయటపడతాడు.

దుబాయిలో 1991 నుంచి అల్ గఫాల్ అనే రేసు జరుగుతోంది. ముత్యాల వేట ముగించి ఇళ్లకు తిరిగొచ్చిన పాతకాలపు నావికుల జ్ఞాపకంగా పెట్టింది. సర్ బూ నాయిర్ దీవి నుంచి దుబాయి తీరం దాకా 60 అడుగుల ధౌలు (అరబ్బు తెరచాప పడవలు) బారులుతీరి వస్తాయి. పొడుగు అందరికీ ఒకటే, ఇక మిగిలింది గాలిని చదివే కన్ను. హుస్సేన్ సాగర్‌లో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో లేజర్లు పోటీపడేదీ ఈ న్యాయం మీదే. అక్కడ ఓడితే పడవ మీద నెపం వేయడానికి వీల్లేదు.

10. లెక్క వేసినవాళ్లు నీళ్లలోకి కూడా దిగాలి.

2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చిన నౌకాదళ పడవ తారిణి మీద ఆరుగురు మహిళలు భూమిని చుట్టారు. వాళ్లలో విశాఖపట్నం స్వాతి ఉంది, హైదరాబాద్ ఐశ్వర్య ఉంది. తెలుగు ఇంటి ఆడపిల్లలు దక్షిణ సముద్రాలు దాటి వచ్చారు. సిరిసిల్ల పక్కనే ఇప్పుడు మిడ్ మానేరు జలాశయం ఉంది. ధర్మపురిలో గోదావరి ఎప్పటినుంచో ఉంది. నీళ్లు లేవనే మాట మన జిల్లాలకు ఇక చెల్లదు.

మన బడుల్లో వర్గమూలం, ఘనమూలం చెప్పే సార్లకు, టీచరమ్మలకు నా మనవి ఒకటే. ఆ పాఠం వచ్చిన రోజు బోర్డు మీద ఒక తెరచాప పడవను గీయండి, ఈ లెక్కలు పిల్లల చేత చేయించండి. తల్లిదండ్రులు ముందు పిల్లలకు ఈత నేర్పించండి, లైఫ్ జాకెట్ లేకుండా ఏ పడవా ఎక్కనివ్వకండి. ఆ తర్వాత ఒకసారి హుస్సేన్ సాగర్ గట్టుకు తీసుకుపోయి, వాళ్లు లెక్కగట్టిన పడవను వాళ్ల చేతికే ఇప్పించండి.