ఇంగ్లిష్ శుభలేఖకు గారమాండ్ ఇటాలిక్ ఎలా వాడాలి?

తెలుగు శుభలేఖతో పాటు ఇంగ్లిష్‌ది కూడా వేయించడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ ఇంగ్లిష్ కార్డులో అక్షరాలు కాస్త వాలుగా, నాజూగ్గా, చేత్తో రాసినట్టు ఉండాలని చాలామంది అడుగుతారు. అందుకోసం మెలికలు తిరిగిన స్క్రిప్ట్ ఫాంట్ల వెంట పడక్కర్లేదు. నా ఓటు ఈబీ గారమాండ్ ఇటాలిక్‌కు. డబ్బు కట్టే పనిలేదు, అచ్చులో హుందాగా ఉంటుంది, పెళ్లికొడుకు తాతగారు కూడా తడుముకోకుండా చదువుతారు.

ముందు గూగుల్ ఫాంట్స్‌లో దీన్ని వెతికి డౌన్‌లోడ్ చేసుకోండి. జిప్ ఫైల్ విప్పితే వేరియబుల్ ఫైళ్లు, వాటి పక్కనే స్టాటిక్ అనే ఫోల్డర్ ఉంటాయి. వర్డ్‌లోనో పాత కోరల్‌డ్రాలోనో పనిచేసేవాళ్లు స్టాటిక్ ఫోల్డర్‌లోవే ఇన్‌స్టాల్ చేసుకోవడం మేలు. నిటారు ఫైళ్లతో పాటు పేరు చివర ఇటాలిక్ అని ఉన్నవీ ఎక్కించాలి. ఇది మరిచిపోతే తక్కిన శ్రమంతా దండగ. ఎందుకంటే ఇటాలిక్ ఫైల్ లేకపోయినా వర్డ్‌లో కంట్రోల్-ఐ నొక్కగానే అక్షరం వాలిపోతుంది. అది నిటారు అక్షరాన్నే పక్కకు తోసిన దొంగ ఇటాలిక్.

అసలుదేనా అని తేల్చుకోవడం తేలికే. స్మాల్ లెటర్లలో 'ఏ', 'ఎఫ్' టైప్ చేసి సైజు బాగా పెంచి చూడండి. నిటారు 'ఏ'కి పొట్ట మీద కొక్కెం లాంటి వంపు ఉంటుంది. అసలైన ఇటాలిక్‌లో ఆ వంపు ఉండదు, మనం నోటుబుక్కులో రాసే 'ఏ' కనిపిస్తుంది. 'ఎఫ్' తోక గీత దాటి కిందికి దిగుతుంది. ఈ రెండూ కనబడకపోతే ఫైల్ ఎక్కలేదన్నమాట.

ఇంత తేడా ఎందుకంటే ఇటాలిక్ పుట్టుకే వేరు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. పుస్తకమంతా ఇటాలిక్కే. ఆ అక్షరాలు చెక్కింది ఫ్రాన్సెస్కో గ్రిఫో, వాటికి ఒరవడి ఆనాటి ఇటలీ పండితుల గొలుసుకట్టు రాత. క్యాపిటల్ అక్షరాలు మాత్రం అప్పట్లో నిటారుగానే ఉండేవి. నిటారు అక్షరాల మధ్య ఒక మాటను వేరుచేసి చూపడానికి ఇటాలిక్ వాడే పద్ధతి 16వ శతాబ్దం సాగేకొద్దీ కుదురుకుంది. ఇక మన ఫాంట్ పేరులోని ఈబీ అంటే ఎగెనాల్ఫ్-బెర్నర్: 1592లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెలువడిన అచ్చక్షరాల నమూనా పత్రం. అందులో నిటారు అక్షరాలు క్లాడ్ గారమాండ్‌వి, ఇటాలిక్‌లు రోబేర్ గ్రాంజాన్‌వి. వాటిని ఈ కాలపు కంప్యూటర్లకు మలిచినవాడు గేయోర్గ్ డుఫ్నర్. గారమాండ్ ఇటాలిక్ అని మనం మెచ్చుకునేది నిజానికి గ్రాంజాన్ పనితనాన్ని. పేరు మాత్రం పక్కవాడికి పోయింది!

ఇక కార్డు సంగతి. వధూవరుల పేర్లు మాత్రమే ఇటాలిక్‌లో పెట్టండి, 26 పాయింట్ల దగ్గర మొదలుపెట్టి కార్డు వెడల్పును బట్టి సర్దుకోండి. రెండు పేర్ల మధ్య 'అండ్' అని అక్షరాల్లో రాయకుండా & గుర్తు వేయండి. ఈ ఇటాలిక్‌లో అన్నిటికన్నా అందమైనది అదే. తల్లిదండ్రుల పేర్లు, ముహూర్తం, వేదిక నిటారు గారమాండ్‌లో ఉండాలి. అంతా ఇటాలిక్ చేస్తే పేర్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఈ ఫాంట్‌లో స్మాల్ లెటర్ల ఎత్తు తక్కువ, అందువల్ల 10 పాయింట్లు చిన్నగా అనిపిస్తాయి. 12 పెట్టి, వరుసకూ వరుసకూ 16 పాయింట్లు ఇవ్వండి. ఇటాలిక్‌ను అన్నీ క్యాపిటల్స్‌లో రాయొద్దు. అక్షరాల మధ్య ఎడం కూడా పెంచొద్దు, రాత ధార తెగిపోతుంది.

అదే కార్డులో తెలుగు వరుసలుంటే వాటిని వాల్చకండి. తెలుగు అచ్చుకు ఇటాలిక్ సంప్రదాయం లేదు, కంట్రోల్-ఐ ఇచ్చేది ఉత్త వాలుడే. వాల్చినప్పుడు అక్షరం పైభాగం కుడికి, కిందిభాగం ఎడమకు జరుగుతుంది. గుడి పక్క అక్షరం మీదికి ఒరుగుతుంది, కింద వేలాడే ఒత్తు వెనక్కి పోతుంది. నాకైతే అలాంటి శుభలేఖ చూస్తే పళ్లు జివ్వుమంటాయి. తెలుగులో ఏదైనా ప్రత్యేకంగా కనిపించాలంటే బోల్డ్ చేయండి, లేదా రంగు మార్చండి.

ప్రెస్సుకు ఇచ్చే ముందు ఏ పద్ధతిలో వేస్తారో అడగండి. స్క్రీన్ ప్రింటింగ్ అయితే గరుకు కాగితం మీద సన్న గీతలు తెగిపోవచ్చు, రెగ్యులర్ బదులు మీడియం ఇటాలిక్ వాడండి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలకు సెమీబోల్డ్ నయం. మీ ఫాంట్ వాళ్ల కంప్యూటర్లో ఉండకపోవచ్చు కనుక చివర్లో అక్షరాలన్నిటినీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలుగా, మార్చి ఇవ్వాలి, అసలు ఫైల్ విడిగా దాచుకోవాలి. కర్వ్స్ చేశాక స్పెల్లింగ్ దిద్దడం కుదరదు. కాబట్టి ఆ మీట నొక్కేముందే ప్రూఫ్ ఇద్దరు వియ్యంకులకూ చూపించి, పేర్లు సరిగ్గా ఉన్నాయని వాళ్ల నోటితోనే అనిపించుకోండి.