వాకిట్లో బిళ్ళగన్నేరు: పెంచుదాం, తాగవద్దు



ఒకరోజు చిన్నపిల్లల వార్డులో ఒక తల్లి నా చెయ్యి పట్టుకొని అడిగింది. ఆమె బాబుకు రక్త క్యాన్సర్. హైదరాబాదులో వైద్యం జరుగుతోంది. మధ్యలో జ్వరం వస్తే మన దగ్గర చేర్చారు. "సిస్టరమ్మా, బాబుకు ఎక్కించే మందు బిళ్ళగన్నేరు చెట్టుదేనట గదా! మా కోటర్ ముంగట గుబురుగ ఉంది. ఆకు నూరి పోస్తే సాలదా? పట్నం పోయే కర్సన్న తప్పుతది." ఆమెకు చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను.

ఈ మొక్క కథ

బిళ్ళగన్నేరు పుట్టిల్లు ఆఫ్రికా దగ్గరి మడగాస్కర్ దీవి. జమైకాలో దీని ఆకు కషాయాన్ని షుగరు జబ్బుకు తాగేవారు. 1952లో ఆ ఆకులు కెనడాలోని డాక్టర్ రాబర్ట్ నోబుల్‌కు చేరాయి. ఆ కషాయం నోటి ద్వారా ఇస్తే జంతువులలో షుగరు తగ్గలేదు. సారాన్ని సూదిద్వారా ఇస్తే రక్తంలోని తెల్ల కణాలు పడిపోయాయి! తెల్ల కణాలు అదుపు లేకుండా పెరిగే జబ్బుకు ఇది పనికొస్తుందని వారు గ్రహించారు. 1958లో నోబుల్, చార్లెస్ బీర్ వింబ్లాస్టిన్ అనే మందును ప్రకటించారు. తరువాత ఇదే మొక్కనుండి వచ్చిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు నేటికీ ఇది ముఖ్యమైన మందు.

ఆకు పసరు ఎందుకు వద్దు?

ఎన్నో కిలోల ఆకు నుండి తీస్తేగాని కొద్దిపాటి మందు రాదు. బిడ్డ ఎత్తు, బరువు చూసి డాక్టర్లు మోతాదు కడతారు. సాధారణంగా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు మించనివ్వరు. నరంలోకి మాత్రమే ఇస్తారు. మందు నరం బయటకు కారితే చర్మం, కండ పుండు పడతాయి. అందుకే మేము పక్కనే నిలబడి కనిపెడతాము. పసరులో ఎంత మందు ఉందో, ఎంత విషం ఉందో ఎవరు కొలవగలరు?

షుగరు ఉన్నవారు కూడా ఈ ఆకు నమిలి మాత్రలు మానవద్దు. గర్భిణులు అసలే తీసుకోకూడదు.

ఇంకొక ప్రమాదం పేరులో ఉంది. గన్నేరు, పచ్చ గన్నేరు వేరే చెట్లు. వాటి విషం నేరుగా గుండెను దెబ్బతీస్తుంది. ఎవరైనా తింటే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. 108కు ఫోను చేసి, ఆ చెట్టు కొమ్మతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పెంచే విధానం

మన గోదావరిఖని ఎండలకు బిళ్ళగన్నేరులా తట్టుకొనే పూలమొక్కలు కొద్దే. ఆకు చేదు కాబట్టి మేకలు కూడా ముట్టవు.

1. సన్నని కాయలు పసుపు రంగుకు తిరగగానే, పగలకముందే కోసి ఆరబెట్టండి. లోపల నల్లని విత్తనాలుంటాయి.
2. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలపండి. కుండీ అడుగున రంధ్రం ఉండాలి.
3. విత్తనాలు చల్లి పలుచగా మట్టి కప్పండి. వీటికి చీకటి కావాలి. ఒకటి రెండు వారాలలో మొలుస్తాయి.
4. నాలుగు నుండి ఆరు ఆకులు రాగానే అడుగు ఎడంగా నాటండి. జానెడు కాకముందే కొన చిదిమితే గుబురుగా పెరుగుతుంది.
5. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. పైమట్టి ఆరాకే నీళ్ళు పోయండి. ఈ మొక్క ఎండకు చావదు, నీళ్ళు నిలిస్తే చస్తుంది. తడి మట్టిలోనే వాడిపోతుంటే వేరు కుళ్ళినట్టే, పీకి పారేయండి.
6. బొగ్గు దుమ్ము పట్టిన ఆకులను వారానికొకసారి ఉదయం పూట కడగండి.
7. కుండీ కింది పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకండి. డెంగీ దోమ అక్కడే పుడుతుంది.
8. కొమ్మ తుంచితే పాలు కారతాయి. చేతులు సబ్బుతో కడుక్కోండి. చిన్నపిల్లలను నోట పెట్టనివ్వకండి.

ఆ తల్లి ఆకు నూరలేదు. డాక్టరు రాసిచ్చిన తేదీకి బాబును పట్నం తీసుకెళ్ళింది. ఆమె వాకిట్లో చెట్టు మాత్రం అలాగే ఉంది, పూలు పూస్తూ.

గుర్తుంచుకోండి: పువ్వు వాకిట్లో, మందు ఆసుపత్రిలో. ఏ ఆకు, ఏ పసరు వాడుతున్నా దాచకుండా డాక్టరుకు, నర్సుకు చెప్పండి. మేము కోప్పడము.