డాలరుకి తొంభై అని మురిసిపోకు

అమ్మడూ, ముందే రిటైరై కాకినాడ వచ్చేస్తే నెలకి ఎంతలో గడుస్తుందని అల్లుడుగారు అడిగారట. ఒక్క అంకె చెప్పమంటే నావల్ల కాదు. మేం న్యూజెర్సీ వదిలి వచ్చిన దగ్గర్నుంచి ఇంటి పద్దు మీ అత్తయ్య రాస్తోంది, నేను పక్కన కూర్చుని కూడుతున్నాను. అందులోంచి మీకు పనికొచ్చేవి చెబుతాను.

1. ఇక్కడ ఏది చవకో ముందు తెలుసుకో. మనిషి చేసే పని చవక, చుట్టుపక్కల పండేది చవక. ప్లంబరు, దర్జీ, ఇస్త్రీ, డ్రైవరు, మామూలు జ్వరానికి డాక్టరు ఫీజు, వీటికి అక్కడితో పోలికే లేదు. ఆకుకూరలు, అరటిపళ్ళు, పాలు కూడా అంతే. అదే ఆలివ్ నూనె, చీజ్, బ్లూబెర్రీలు, ఐఫోను అన్నావనుకో, అక్కడి ధరకి తక్కువేమీ కాదు, కొన్నిటికి ఎక్కువే. మీ డల్లాస్ వంటింటిని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపాలనుకుంటే చవక అన్న మాట మర్చిపోవాలి. (గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు దొరికే పులస ఏ లెక్కలోకీ రాదు. దాన్ని మీ అత్తయ్య పద్దులో కూడా రాయదు.)

2. ప్రతిదాన్నీ తొంభైతో భాగించడం మానెయ్యండి. "నాలుగు డాలర్లే కదా" అంటూ కొన్నవే నెలాఖరుకి మోపెడవుతాయి. ఇంకో సంగతి. 2005లో డాలరుకి నలభై నాలుగు రూపాయల చిల్లర వచ్చేది, 2025 డిసెంబరులో తొంభై దాటింది. రెట్టింపయిందని సంతోషించేలోపు ఇక్కడి ధరలు అంతకుమించి పెరిగి కూర్చున్నాయి. కాబట్టి రూపాయి పడిపోతుందిలే, మనకేం అన్న ధీమా మీద ముప్ఫై ఏళ్ళ బతుకు కట్టుకోవద్దు.

3. అన్నిటికంటే పెద్ద పద్దు వైద్యం. అల్లుడుగారు కాగితం, కలం పట్టుకుని కూర్చోవలసింది ఇక్కడే. మెడికేర్ అమెరికా దాటితే దాదాపు ఏ ఖర్చూ ఇవ్వదు. పార్ట్ ఎ సంగతి సరే, పదేళ్ళు పన్ను కట్టినవాళ్ళకి అది ఊరికే వస్తుంది. పార్ట్ బి కి మాత్రం నెలనెలా కట్టాలి, 2025లో అది 185 డాలర్లు. ఇండియాలో ఉంటూ ఎందుకు దండగ అని వదిలేస్తే, తర్వాత పిల్లల దగ్గరికి వెళ్ళిపోదాం అనుకున్న రోజున, అర్హత వచ్చాక కట్టని ప్రతి పూర్తి ఏడాదికీ ప్రీమియం మీద పదిశాతం చొప్పున జరిమానా పడుతుంది. అదీ బతికినన్నాళ్ళూ. తిరిగి వెళ్ళే ఆలోచన ఏ మూలైనా ఉంటే ఇది తేల్చుకున్నాకే విమానం ఎక్కండి.

ఇక్కడి ఆరోగ్య బీమా వీలైనంత త్వరగా తీసుకోండి. 65 దాటితే పాలసీ ఇవ్వమనే పాత పద్ధతిని 2024లో తీసేశారు. 2025 సెప్టెంబరు నుంచి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా పోయింది. కానీ ముందే ఉన్న షుగరు, బీపీ లాంటివాటికి మూడేళ్ళ దాకా ఆగమనే హక్కు కంపెనీకి ఉంది. ఆ మూడేళ్ళకి సరిపడా డబ్బు చేతిలో ఉండాలి. ఇంకో మాట, పెద్ద జబ్బంటే ఇక్కడివాళ్ళు చాలామంది విశాఖపట్నం పరిగెడతారు, నూట యాభై కిలోమీటర్లు. అక్కడ హాస్పిటల్ బిల్లుతోపాటు కారు, తోడొచ్చినవాళ్ళ లాడ్జి, భోజనాలు కూడా ఉంటాయి.

4. కరెంటు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర ఎక్కుతుంది. మన రాష్ట్రంలో మొదటి ముప్ఫై యూనిట్లు 1.90 చొప్పున, నాలుగు వందలు దాటినవి 9.75 చొప్పున. పైన ట్రూ-అప్ అంటూ ఎప్పుడో వాడిన కరెంటుకి ఇప్పుడు వడ్డిస్తారు. మేలో మూడు గదుల్లో ఏసీలు వేసుకుంటే బిల్లు అమెరికా బిల్లులాగే కనిపిస్తుంది. ఒక గదిలో పడుకోవడం అలవాటు చేసుకోండి.

5. పనిమనిషితో బేరం పెట్టకు. అంట్లకింత, ఇల్లు తుడవడానికింత, బట్టలకింత అని విడివిడిగా మాట్లాడుకుంటారు. దానికి సంక్రాంతికి చీర, దసరా మామూలు, వాళ్ళింట్లో ఎవరికైనా బాగోకపోతే అడ్వాన్సు కలుపుకో. మనకి చవక అనిపించేదంతా అవతలి మనిషికి తక్కువ కూలి అన్నమాటే. ఊరి రేటు కంటే కాస్త ఎక్కువ ఇచ్చినా మన పద్దు కూలిపోదు. మరీ ఎక్కువిచ్చి పక్క ఫ్లాటువాళ్ళతో మాట పడనూ అక్కర్లేదు.

6. చుట్టరికం ఖర్చు ఏ వెబ్‌సైటు లెక్కలోనూ కనపడదు. శ్రావణం, మాఘం వస్తే వారానికి రెండు శుభలేఖలు. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు చదివింపుల్లో ఐదు వందల కవరు ఇస్తే ఊరు మాట్లాడుకుంటుంది. గుడికి చందా, చిన్నాన్న మనవడి ఫీజు, అపార్ట్‌మెంటులో వినాయక చవితి. వీటికి ఏడాదికింతని ముందే పక్కన పెట్టుకుని, అది అయిపోయాక చెయ్యి ముడుచుకోవడం మా పద్ధతి. మొదట్లో మొహాలు ముడుచుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు.

7. తిరిగొచ్చినవాళ్ళకి మొదటి రెండు మూడేళ్ళు సాధారణంగా ఆర్‌ఎన్‌ఓఆర్ అనే పన్ను హోదా ఉంటుంది. ఆ కాలంలో విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను ఉండదు. అక్కడ అమ్ముకోవలసినవి అప్పుడే అమ్ముకోండి. అమెరికా పౌరులు కాబట్టి అక్కడి పన్ను లెక్క మాత్రం ఎక్కడున్నా వదలదు. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు పదివేల డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక అక్కడ ఫైల్ చెయ్యాలి. ఎన్‌ఆర్‌ఈ ఖాతాలు కొనసాగవు, డాలర్లు డాలర్లుగానే ఉంచుకోవాలంటే బ్యాంకులో ఆర్‌ఎఫ్‌సీ ఖాతా అడగండి.

8. మిక్సీలు, ఓవెన్లు మోసుకురావద్దు. అక్కడివి 120 వోల్టులవి, ఇక్కడ 230.

9. పొలం కొందామని అల్లుడుగారికి ఉబలాటంగా ఉందట. ఓసీఐ కార్డుతో ఇల్లు కొనచ్చు, ఫ్లాటు కొనచ్చు, వ్యవసాయ భూమి కొనకూడదు. పెద్దాపురం దగ్గర మీ నాన్న తరఫున నీకొచ్చే ఎకరం సంగతి వేరు, అది వారసత్వం. దాని కౌలు మాట మీరు వచ్చాక మాట్లాడుకుందాం.