మన ఊరి బొమ్మలు: తయారీ, అమ్మకము, చట్టరక్షణ

పండుగనాడు బొమ్మల కొలువు తీర్చుట తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. మెట్లపై నిలుచు దశావతారములు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు నెక్కుచున్న గీత కార్మికుడు - ఇవి యన్నియు ఏదో యొక పల్లెలో, ఏదో యొక ఇంటి అరుగుమీద రూపుదాల్చినవే. వానిని చేసిన చేతులు మనవి. కాని వానివలన వచ్చు లాభము ఎల్లప్పుడును మన పల్లెకే చేరుచున్నదా? పనివాడు దినముల తరబడి యోచించి చెక్కిన రూపమునకు వేరొకడు అచ్చు తీసి, ప్లాస్టిక్‌తో వేలకొలది పోసి, సగము వెలకు అమ్మివేయును. రూపము తనదని నిరూపించు ఆధారము లేక పనివాడు ఊరకుండును. అతని కుమారుడు ఆ పని విడిచి పట్నమునకు పోవును. ఆ విద్య ఆ ఇంటితో అంతరించును.

ఈ నష్టమును ఆపుటకు చట్టములు లేకపోలేదు. వానిని గూర్చిన తెలివిడి గ్రామములకు చాలినంతగా చేరకపోవుటయే లోపము. అందుచే బొమ్మను ఎట్లు చేయవలెనో, ఎట్లు అమ్మవలెనో, ఎట్లు కాపాడుకొనవలెనో ఈ వ్యాసమున క్రమముగా వివరింపదలచితిమి. పంచాయతీ సభ్యులు దీనిని చదివి తమ గ్రామమందలి పనివారికి వినిపింపవలెనని మా కోరిక.

కర్రను బట్టి పని

ఎన్.టి.ఆర్. జిల్లాలోని కొండపల్లిలోను, తెలంగాణములోని నిర్మల్‌లోను బొమ్మలకు వాడునది పొణికి కర్ర. ఇది మిక్కిలి తేలికయైనది, మెత్తనిది. ఉలికి సులభముగా లొంగును. కొండపల్లి పనివారు ముందుగా కర్రను బాగుగా ఆరబెట్టుదురు. పిదప కాళ్లు, చేతులు, మొండెము వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపి చేసిన మక్కుతో అతికింతురు. నునుపు చేసి, సున్నము పూసి, తుదకు రంగులు దిద్దుదురు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది యొడ్డున నున్న ఏటికొప్పాకలో పద్ధతి వేరు. అచ్చట వాడునది అంకుడు కర్ర. కర్రను తరిణె యంత్రముపై గిరగిర త్రిప్పుచు ఉలితో గుండ్రని రూపము తెత్తురు. తిరుగుచున్న కర్రకు రంగు కలిపిన లక్కకడ్డీని అదిమిపట్టగా, రాపిడి వేడికి లక్క కరగి బొమ్మకు అంటుకొనును. పసుపు, నీలిమందు, జాఫరా గింజలు మొదలగు వానినుండి తీసిన ప్రకృతిసిద్ధమైన రంగులకు ఈ గ్రామము పేరుపొందినది.

దీనినుండి గ్రహింపదగిన పాఠ మొకటి కలదు. చెట్టు లేనిచో బొమ్మ లేదు. నరుకుటయే గాని నాటుట లేనిచోట పనివాడు కర్రకై దూరప్రాంతములకు పోవలసివచ్చును, కర్ర వెల పెరుగును, పని నిలిచిపోవును. బొమ్మల పని కల గ్రామములలో పంచాయతీవారు చెట్లు నాటించునపుడు పొణికిని గాని, అంకుడును గాని మరువరాదు.

రూపకల్పనలో జాగ్రత్తలు

బొమ్మ ఏ వయస్సు బిడ్డకో ముందుగా నిశ్చయించుకొనవలెను. మూడేండ్లలోపు బిడ్డ చేతికందినదెల్ల నోట పెట్టుకొనును. వారికి చేయు బొమ్మలో ఊడివచ్చు చిన్న భాగములు ఉండరాదు. అంచులు గీచుకొనకుండునట్లు నునుపు చేయవలెను. సీసము కలిసిన రంగులు ఏ వయస్సు బిడ్డకైనను హాని చేయునవి. వానిని పూర్తిగా విడువవలెను.

ముందుగా కాగితముపై గీసి, అట్టతో కొలతల నమూనా కత్తిరించుకొని, ఒక్క బొమ్మను మాత్రమే చేయవలెను. దానిని నేలపై పడవేసి చూడవలెను; అతుకులను లాగి చూడవలెను; తడిగుడ్డతో రుద్ది రంగు దిగునేమో చూడవలెను. ఆ పరీక్షకు నిలిచిన పిదపనే తక్కినవి చేయవలెను. వెల కట్టునపుడు కర్ర, రంగుల ఖర్చుతోపాటు ఇంటిల్లిపాది పడిన శ్రమకును కూలి లెక్క వేసుకొనవలెను. ఇల్లాలు రంగులు దిద్దిన గంటలను లెక్కింపనివాడు నష్టమునకు అమ్మి లాభమనుకొనును.

కొత్త రూపము గీసిన ప్రతిసారి తేదీతో ఒక పుస్తకములో అంటించి, ఛాయాచిత్రముతో భద్రపరుపవలెను. తగవు వచ్చిననాడు ఆ పుస్తకము సాక్ష్యముగా అక్కరకు వచ్చును.

అమ్మకమునకు ముందు తెలియవలసిన ఉత్తర్వు

కేంద్ర ప్రభుత్వము 2020లో బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వును జారీ చేసినది. అది 2021 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. 14 ఏండ్లలోపు బాలల ఆటకై చేసిన బొమ్మలపై ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండవలెనని దాని సారము. ఆ గుర్తు పొందుటకు పరీక్షలు, లైసెన్సు కావలెను. పూరింటి పనివానికి ఇది మోయరాని బరువు. అందుచే రెండు మినహాయింపులు కల్పింపబడినవి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయమున నమోదైన చేతిపనివారు తాము చేసి అమ్ము బొమ్మలు మొదటిది. భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులను ఆ గుర్తింపు హక్కుదారులు, అధికృత వినియోగదారులు చేసి అమ్ముట రెండవది.

ఈ విషయమును సభ్యులు ముఖ్యముగా గమనింపవలెను. నమోదు కానివానికి మొదటి మినహాయింపు వర్తింపదు. తాతనాటినుండి ఈ పని చేయుచున్నను, చేతిపనివారి గుర్తింపు కార్డు లేనిచో ఆతడు చిక్కులలో పడవచ్చును.

చట్టము నిచ్చు మూడు రక్షణలు

మొదటిది భౌగోళిక గుర్తింపు. 1999 నాటి ఈ చట్టము 2003లో అమలులోనికి వచ్చినది. దీని కార్యాలయము చెన్నైలో నున్నది. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు ఈ గుర్తింపు పొందియున్నవి. ఏటికొప్పాక బొమ్మలు 2017లో పొందినవి. ఇది ఒక వ్యక్తి సొత్తు కాదు. ఉత్పత్తిదారుల సంఘము దరఖాస్తు చేయవలెను. నమోదు 10 ఏండ్లకు చెల్లును, మరల పొడిగించుకొనవచ్చును. సంఘము పేర గుర్తింపు వచ్చినంతమాత్రమున పని ముగియలేదు. ప్రతి పనివాడును అధికృత వినియోగదారుగా తన పేరు నమోదు చేయించుకొనవలెను. ఇది కాపాడునది పేరును. రూపమును కాదని గుర్తుంచుకొనవలెను.

రెండవది రూపకల్పన నమోదు. 2000 సంవత్సరపు డిజైనుల చట్టము ప్రకారము కొత్త రూపమును నమోదు చేయించినచో 10 ఏండ్లు, పిదప మరి 5 ఏండ్లు, ఇతరులు దానిని అనుకరింపరాదు. కాని రూపము నిజముగా కొత్తది కావలెను. దరఖాస్తుకు ముందే సంతలో అమ్మినను, సెల్‌ఫోనులో పదిమందికి చూపినను కొత్తదనము పోయినట్లే లెక్క. కావున ముందు దరఖాస్తు, పిదపనే ప్రదర్శన. తాతలనాటి దశావతారముల రూపము ఎవ్వరికిని సొంతము కాజాలదు.

మూడవది వ్యాపారచిహ్నము. ఒక సంఘము తన పేరును, ముద్రను 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టము క్రింద నమోదు చేయించుకొనవచ్చును. ఇదియు 10 ఏండ్ల కొకసారి పొడిగించుకొనవలసినది.

ఒక ఉదాహరణము చూతము. ఏటికొప్పాక పనివాడొకడు మునుపెన్నడు లేని కొత్త తీరు బొంగరమును చేసెననుకొందము. ‘ఏటికొప్పాక’ యను పేరును కాపాడునది మొదటి చట్టము. బొంగరపు కొత్త ఆకారమును కాపాడునది రెండవది. పెట్టెమీది సంఘపు ముద్రను కాపాడునది మూడవది. ఒకటి చేయు పనిని మరియొకటి చేయదు.

పంచాయతీ చేయదగిన పనులు

గ్రామమున బొమ్మలు చేయు కుటుంబముల పట్టిక వ్రాయించి, గుర్తింపు కార్డు లేనివారెవరో తెలిసికొనవలెను. స్త్రీల పేర్లను విడువరాదు. రంగులు దిద్దువారును చేతిపనివారే. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో సంప్రదాయ బొమ్మల తయారీ ఒకటి. దాని దరఖాస్తుల తొలి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగునట్లు ఏర్పాటు చేయబడినది. ఆ పరిశీలనలో జాగు చేసినచో పనిముట్ల సహాయమును, తక్కువ వడ్డీ ఋణమును పేదవానికి అందకుండ చేసినవార మగుదుము.

పనివారు విడివిడిగా నున్నచో దరఖాస్తు ఖర్చును, తగవు ఖర్చును భరింపలేరు. సంఘముగా కూడినచో భరింపగలరు. వారిని ఒకచోట కూర్చుండబెట్టుటకు పంచాయతీ కార్యాలయముకంటె తగిన చోటు లేదు. వచ్చు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడు. విద్య పనివానిది, దానికి కంచె కట్టుట మన అందరి బాధ్యత.