విధవరాలి యింట వట్టి పాత్రలు

చదువవలసిన భాగము: 2 రాజులు 4:1–7

ఈ కథను నూనె విస్తరించిన అద్భుతముగానే మనము తరచుగా విందుము. మొదటి వచనమును నెమ్మదిగా చదివినయెడల, అప్పు క్రింద పిల్లలు పోవుచున్న యొక యింటి సంగతియని తెలియును. భర్త దైవభక్తి గలవాడే. అయినను అప్పు మిగిల్చి చనిపోయెను. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవ వచ్చెను.

ఇది మన పల్లెలకు క్రొత్త కాదు. కర్నూలు, గద్వాల ప్రాంతముల ప్రత్తి విత్తనపు చేలలో క్రాసింగు పనికి ఆడపిల్లలను పెట్టుట అనేక సంవత్సరములు సాగినది. సాయంకాలము మొగ్గలు ఒలిచి, మరునాటి ఉదయము మగపువ్వు పుప్పొడి అద్దుట ఆ పని. పంటకు ముందే తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పడును. అది పెండ్లికో వైద్యమునకో ఖర్చగును. తీరువరకు పిల్ల బడికి రాదు.

ఎలీషా ఆమెను గద్దింపలేదు. నీ భర్త ఎందుకు అప్పు చేసెనని అడుగలేదు. (మనమైతే ముందుగా అదే అడుగుదుము.) ఇంటిలో ఏమున్నదని అడిగి, పొరుగువారియొద్ద వట్టి పాత్రలు ఎరవు తెచ్చుకొనుమనెను, కొన్ని చాలవనెను. పొరుగువారు నూనె ఇయ్యలేదు, రూకలు ఇయ్యలేదు. ఖాళీగానున్న పాత్ర ఇచ్చిరి. అంతమాత్రము ఎంత బీదవారైనను ఇయ్యగలరు. పాత్రలు అయిపోయినప్పుడే నూనె నిలిచెను గనుక, ఆ వీధిలో ఎవరైన పాత్ర దాచియుండినయెడల ఆ యింటికి అంత తక్కువయే. తలుపు మూసికొమ్మనుటయు గమనింపుడి. ఆమె లేమి పదిమంది యెదుట పెట్టబడలేదు. చీర పంచి ఫోటో తీయించుకొను వాడుకను ఈ తలుపునొద్ద నిలిపి చూడవలెను.

రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి శాంతా సిన్హాగారును ఎం.వి. ఫౌండేషనువారును చేసిన పని ఇట్టిదేయని మాకు తోచుచున్నది. పిల్లల కూలి లేక బీదవారు బ్రదుకలేరను మాటను వారు ఒప్పుకొనలేదు. బడికి పోని ప్రతి బిడ్డను పనిలోనున్న బిడ్డగానే యెంచిరి. ఊరి యువకులు, ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో మాటలాడిరి. పనిలో పెట్టుకొన్న యజమానులతోను మాటలాడిరి. చదువు తప్పినవారిని శిబిరములలో ఉంచి, వయస్సుకు తగిన తరగతికి సిద్ధపరచిరి. 2003లో ఆమెకు రామన్ మెగసెసే బహుమానము లభించినది.

మన సంఘములలో ఏ పాత్రలున్నవి? చదువు వచ్చిన యువకుడు ఒక తల్లితో బడివరకు నడచిపోవచ్చును. 2009 చట్టము ప్రకారము 6 మొదలు 14 ఏండ్లవరకు విద్య ఉచితము. వయస్సు పత్రము లేదని బిడ్డను త్రిప్పి పంపరాదు. ఇది తెలియక గుమ్మమునుండి మరలినవారు గలరు. చదువు మానిన ఆడపిల్లలకు కస్తూరిబా విద్యాలయములలో భోజన వసతులతో చోటు ఉన్నది. 1976 చట్టము వెట్టిచాకిరికి కట్టిపడవేయు అప్పును కొట్టివేసినది. బిడ్డ ఆపదలోనున్నయెడల 1098కి ఫోను చేయవచ్చును. వారములో ఆరు దినములు తాళముతో నుండు మందిరమును సాయంకాలము పిల్లల చదువుకు తెరచుటయు ఒక పాత్రయే.

ఏడవ వచనములోని వరుస చూడుడి: నూనె అమ్ముట, అప్పు తీర్చుట, మిగిలినదానితో బ్రదుకుట. పుస్తకములు, పలకలు ఇచ్చి అప్పును ముట్టకున్న ఆ పిల్ల మరల చేనికే పోవును. పొదుపు సంఘములోనున్న మన స్త్రీలు అట్టి యింటికి తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించి, ఆ అడ్వాన్సు తీర్పింపగలరు. అయితే వానలకు ముందే, అడ్వాన్సు ఇచ్చువాడు ఆ గడప ఎక్కకమునుపే, వెళ్లవలెను.