ఘాట్ దిగుడులో ఎంత వేగం?

ప్రశ్న: శ్రీశైలం వైపు నుంచి పెద్దదోర్నాలకు ఘాట్ రోడ్డులో సైకిల్ మీద దిగుతుంటే భలే హుషారుగా ఉంటుంది. ఎంత వేగం దాకా ఫర్వాలేదు?
- ఒక పాఠకుడు, పెద్దదోర్నాల

జవాబు: టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీల్లో దిగుడు మీద గంటకు 100 కిలోమీటర్లు దాటేవాళ్లున్నారు. కానీ వాళ్లకోసం రోడ్డు మూసేస్తారు; మీకు మలుపు తిరగ్గానే ఆర్టీసీ బస్సు ఎదురవుతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. గంటకు 60లో సెకనుకు దాదాపు 17 మీటర్లు దూసుకుపోతారు; కోతి అడ్డొచ్చిందని గ్రహించేలోపే అంత దూరం అయిపోతుంది. అందుకే కనిపించే రోడ్డులో సగానికే ఆగగలిగేంత వేగం చాలు. మలుపులోకి దిగాక కాదు, ముందే వేగం తగ్గించండి. బ్రేకులు అదేపనిగా నొక్కిపెడితే రిమ్ములు వేడెక్కి ట్యూబు పేలొచ్చు. రెండూ కలిపి, విడిచి విడిచి పట్టండి. హెల్మెట్ తప్పనిసరి. ఇది పులులు తిరిగే నల్లమల. చీకటి పడకముందే దోర్నాల చేరండి.